ఏ వాడుక? ఎవరి వాడుక?

తెలుగులో కథ ఏ భాషలో రాయాలన్న తగవు ఎప్పుడో తీరిపోయిందని అందరం అనుకుంటాం. గురజాడ, గిడుగు గెలిచారు, గ్రాంథికవాదులు ఓడిపోయారు, ఆపైన అంతా వాడుక భాషే. పాఠ్యపుస్తకాల్లో రెండు పేరాలతో సరిపెట్టే చరిత్ర ఇది. ఓడినవాళ్ల మాటలు ఇప్పుడెవరూ తిరగెయ్యరు. తిరగేస్తే మాత్రం ఒకచోట ఆగిపోవలసి వస్తుంది. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించి గ్రాంథిక పక్షానికి ముందు నిలిచిన జయంతి రామయ్య పంతులూ, ఆయన వెంట ఉన్న పండితులూ పదేపదే అడిగిన ప్రశ్న ఒకటుంది. వాడుక భాషలో రాయమంటున్నారు సరే, ఏ వాడుక? జిల్లాకో తీరు, కులానికో తీరు మాట్లాడుతున్నారు గదా, అందులో దేన్ని రాతకెక్కించమంటారు? వాళ్లు ఆ ప్రశ్న వేసింది వాడుక భాషను తోసిపుచ్చడానికే. అయినా ప్రశ్న మాత్రం సరైనది. సభల్లోనూ పత్రికల్లోనూ దానికి సూటిగా జవాబు రాలేదు. వచ్చింది కథల్లో, అదీ దాదాపు నూరేళ్లు పట్టింది. తెలుగు కథలో మాటల ఎంపికను ఒక భాషారూపం మీద మరొకటి సాధించిన గెలుపుగా చదివితే సగమే తెలుస్తుంది. రామయ్య పంతులు ప్రశ్నకు కథకులు ఒక్కొక్కరే చెప్పుకుంటూ వచ్చిన జవాబుగా చదివితే మిగతా సగం బయటపడుతుంది. ఆ జవాబు ముందు పాత్రల నోట్లో మొదలైంది. కథ చెప్పే గొంతులోకి రావడానికి చాలా ఆలస్యమైంది, అక్కడ ఇంకా పూర్తిగా రానూ లేదు.

గ్రాంథికం కథకుడి చెయ్యి ఎలా కట్టేసిందో ఒక్క చిన్న వాక్యంలో చూడవచ్చు. ఒక మనిషి ఇంట్లోకి వెళ్లి కూర్చున్నాడు. ఇంతే సంగతి. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికలో రాసి చూపించిన, 1858లో బాలవ్యాకరణంలో సూత్రాలుగా కట్టిన పద్ధతిలో అయితే దీన్ని "వాఁడు లోనికిఁ బోయి కూర్చుండెను" అని రాయాలి. వాఁడులో అరసున్న వదలకూడదు, లోనికి తరవాత పకారాన్ని బకారం చెయ్యడం మరవకూడదు. మామూలుగా మాట్లాడేవాడు "లోపలికెళ్లి కూర్చున్నాడు" అని ఊరుకుంటాడు, కర్తను చెప్పను కూడా చెప్పడు. మొదటి వాక్యంలో లోటేమీ లేదు, దాని నడకకు ఒక గాంభీర్యం ఉంది. చిక్కల్లా ఆ వాక్యంలోంచి మనిషి కనపడకపోవడమే. లోపలికి వెళ్లినవాడు జమీందారో పాలేరో, విజయనగరం వాడో నెల్లూరు వాడో, చెప్పేవాడికి అతని మీద గౌరవముందో చిరాకుందో ఏదీ తెలియదు. పురాణకథకు, నీతికథకు ఆ తెలియకపోవడమే మేలు. వాటిలోని మనుషులకు ఊరూ పేటా అక్కర్లేదు. కొత్తగా వస్తున్న కథకు అవే ప్రాణం. 1902లో హిందూసుందరి పత్రికలో బండారు అచ్చమాంబ రాసిన ధనత్రయోదశిని ఇప్పుడు చదివితే ఈ ఇరకాటం బాగా తెలుస్తుంది. పండగపూట ఒక బీద కుటుంబం, డబ్బు ఆశ, భార్య వివేకం, ఇలా సంగతంతా మన ఇళ్లలోదే. భాష మాత్రం సరళమే అయినా గ్రాంథికమే. ఆవిడకు చేతకాక కాదు, అచ్చులో కనపడే గద్యానికి అప్పటికి అదే మర్యాద. విషయం ఇంట్లోకి వచ్చింది గానీ మాట ఇంకా వీధి అరుగు మీదే ఉంది.

వాడుక మాట అచ్చులోకి రావడానికి అప్పటికే ఒక దొడ్డిదారి ఉంది. సంస్కృత నాటకాల్లో రాజులు, బ్రాహ్మణులు సంస్కృతం మాట్లాడతారు, ఆడవాళ్లూ సేవకులూ ప్రాకృతం మాట్లాడతారు. ఎవరి అంతస్తుకు తగ్గ భాష వాళ్లకివ్వాలన్న ఈ ఏర్పాటును తెలుగులో కందుకూరి వీరేశలింగం తన ప్రహసనాల్లో వాడుకున్నాడు. రాజశేఖర చరిత్రలో గ్రాంథికం వదలని మనిషే ప్రహసనాల్లో పాత్రల చేత మామూలు మాటలు పలికించాడు. నవ్వించడానికి, వెటకారానికి వాడుక భాష పనికొస్తుందన్న ఒప్పందం అది. గురజాడ గొప్పతనం ఈ ఒప్పందాన్ని తలకిందులు చెయ్యడంలో ఉంది. 1897లో అచ్చయి 1909లో పూర్తిగా కొత్త రూపం దాల్చిన కన్యాశుల్కంలో పెద్దలకో భాష, పిన్నలకో భాష లేవు. అగ్రహారీకుడూ, వేశ్యా, ఇంగ్లీషు ముక్కలు విసిరే గిరీశమూ అందరూ నోటి మాటే మాట్లాడతారు, అయితే ఎవరి మాట వారిదే. మరుసటి ఏడు ఆంధ్రభారతిలో దిద్దుబాటు వచ్చింది. కథ మొదలయ్యేదే అర్ధరాత్రి దాటాక భర్త గోపాలరావు తలుపు తట్టడంతో. ఎవరో ఏమిటో చెప్పే పరిచయ వాక్యం కూడా లేకుండా మాటతోనే మనిషి ప్రవేశిస్తాడు. భార్య కమలిని ఇంట్లో ఉండదు, ఉత్తరం ఉంటుంది. ఆ ఉత్తరంలో ఆమె అతణ్ణి సంబోధించిన మాట "అయ్యా". గోపాలరావు గుండె మొదట అక్కడే కలుక్కుమంటుంది. ఇన్నాళ్లూ "ప్రియా" అన్నది ఇప్పుడు "అయ్యా" అయిందేమని. భార్య వెళ్లిపోయిందన్న సంగతికన్నా ముందు ఒక సంబోధన మారిందన్న సంగతి అతనికి తగులుతుంది. కథలో ఒక్క మాట ఎంచుకోవడం వల్ల ఏమవుతుందో చూపే పాఠం, తెలుగు ఆధునిక కథ తొలినాళ్లలోనే, కథలో భాగంగానే మనకు దొరికింది. దీన్ని భాషావాదంలో గురజాడ రాసిన ఎన్నో పుటలకన్నా గట్టి సాక్ష్యమని నేననుకుంటాను.

ఆ పుటలూ తక్కువవి కావు. మద్రాసు విశ్వవిద్యాలయం ఏ తెలుగును కాలేజీ పిల్లల వ్యాసరచనకు ఒప్పుకోవాలో తేల్చడానికి వేసిన సంఘంలో గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం సమర్పించాడు. మరుసటి ఏడే కన్నుమూశాడు. ఆపైన బరువంతా గిడుగు రామమూర్తి మీద పడింది. సవరల భాష నేర్చి దానికి వ్యాకరణం రాసిన ఈయనకు నోటి భాష అంటే ఏమిటో వినికిడి వల్ల తెలుసు. గ్రాంథికం తప్పుల్లేకుండా రాయడం పండితుల వల్లనే కావడం లేదని వాళ్ల రచనల్లోంచే తప్పులెత్తి చూపడం ఆయన ఆయుధం. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము అన్న ఆయన పుస్తకం పేరులోనే ఆ వేడి ఉంది. 1919లో వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షుడు వీరేశలింగం. గ్రాంథికంలో తల పండిన ఆయన ఆ కుర్చీలో కూర్చోవడమే సగం గెలుపు. అదే ఏడు గిడుగు తెలుగు అనే పత్రిక నడిపాడు. కానీ "ఏ వాడుక" అన్న చోట మాత్రం ఈ పక్షం మెత్తబడింది. వాళ్లిచ్చిన సమాధానం శిష్టవ్యావహారికం, అంటే చదువుకున్న పెద్దమనుషులు మాట్లాడుకునే తెలుగు. అది ఆనాటికి తెలివైన జవాబే. ఊరూరి యాసనూ నెత్తిన పెట్టుకుని ఉంటే బడి పుస్తకం కూడా చేతికొచ్చేది కాదు. అయితే ఆ శిష్టుల ఇళ్లు ఎక్కువ భాగం కృష్ణా గోదావరి మండలాల్లోనూ వాటి చుట్టుపట్లా ఉన్నాయి, కులం కూడా కొద్ది కులాలదే. గెలిచింది వాడుక భాషే, కాకపోతే కొందరి వాడుక. రామయ్య పంతులు ప్రశ్న అక్కడికి సగమే తీరింది.

ఆ కొందరి వాడుకలోనే ఎంత లోతు ఉందో చూపించినవాడు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి. 1891లో పొలమూరులో పుట్టి, వేదశాస్త్రాల ఇంట్లో పెరిగి, గ్రాంథికంలోనే కలం పట్టిన మనిషి. తరవాత ఆ కలం దించి గోదావరి ఇళ్లలోని మాట పట్టుకున్నాడు. ఆయన కథల్లో చాలావాటికి వర్ణన అన్నది దాదాపు ఉండదు, కథంతా మాట్లాడుకోవడంలోనే నడుస్తుంది. ఎవరు ఏ గదిలో ఉన్నారో, ఎవరి ముఖం ఎలా ముడుచుకుందో కూడా మనకు మాటల మధ్యనుంచే తెలియాలి. వంటింటి మాట వేరు, వియ్యాలవారి ఎదుట మాట వేరు, విధవ ఆడపడుచు గొంతు వేరు. అన్నీ ఒకే ఊరు, ఒకే కులం, అయినా ఏ రెండు నోళ్లూ ఒకటి కావు. గులాబీ అత్తరు కథలో ఢిల్లీ నుంచి పెద్దాపురం కోటకు అత్తరు తెచ్చిన షుకురల్లీఖాను తన సరుకు గురించి చెప్పేటప్పుడు పనివాడికి పనిమీద ఉండే గర్వం మాటల్లోనే ఉంటుంది, రచయిత పక్కనుంచి ఒక్క విశేషణం అందించడు. మాటల ఎంపికలో శ్రీపాద పాటించిన నియమం, నాకు అర్థమైనంతలో, ఒకటే: ఆ మనిషి నోట రాని మాట కథలో ఉండకూడదు. కానీ ఇదే నియమం ఆయనకు హద్దు కూడా. ఆయన చెవి ఆ ఇళ్ల గడప దాటి దూరం వెళ్లదు. దాన్ని లోపమనను. ఎవరి చెవికైనా ఒక పొలిమేర ఉంటుంది. దాన్నే తెలుగు కథ మొత్తానికి కొలతగా పెట్టడం తరవాతివాళ్లు చేసిన పొరపాటు.

శ్రీపాద తరవాతి దశాబ్దాల్లో ఆ కొలత గట్టిపడింది. చలం వాక్యాన్ని ఊపిరితో కొలిచి పొట్టిగా కోశాడు, కొడవటిగంటి కుటుంబరావు దాన్నుంచి అలంకారం పూర్తిగా తీసేశాడు. కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించే వరకూ చందమామలో పనిచేస్తూ చేసింది చిన్నది కాదు. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా, బళ్లారిలో, మద్రాసులో తెలుగు పిల్లలు ఒకే రకం వాక్యం చదివి పెరిగారు. తడబాటు లేని, ఏ ఊరిదో చెప్పలేని, చక్కని తెలుగు. దానికి నేను కృతజ్ఞుణ్ణే. కానీ ఏ ఊరిదో చెప్పలేని వాక్యం అంటే మళ్లీ చిన్నయసూరి దగ్గరికే ఒక అడుగు వెనక్కి వేసినట్టు. మనిషి కనపడని వాక్యం అరసున్న లేకుండా కూడా రాయవచ్చునని దీంతో తేలింది. పేరున్న పత్రికల్లో ఎక్కువ భాగం మద్రాసులోనూ తరవాత విజయవాడలోనూ ఉండడంతో కథనంలో ఈ వాక్యమే రాజముద్ర అయింది. యాస మాట ఏదైనా ఉంటే ఉటంకింపు గుర్తుల మధ్య ఉండాలి, అవి దాటి బయటికి రాకూడదు. ఎవరూ సూత్రంగా రాసి పెట్టలేదు గానీ దీన్ని అందరూ పాటించారు.

ఆ గుర్తుల మధ్యే మహత్తరమైన పని జరిగిందన్నది కాదనలేం. రావిశాస్త్రి ఆరు సారా కథల్లో మొదటిదైన మాయలో సారా కేసు ముద్దాయి ముత్యాలమ్మ, కుర్ర ప్లీడరుకు కోర్టులంటే ఏమిటో, పోలీసులంటే ఏమిటో విడమరిచి చెబుతుంది. చట్టం చదివింది అతను, చట్టం తెలిసింది ఆమెకు. విశాఖ యాసలో సాగే ఆ మాటల్లో ఉన్న న్యాయశాస్త్రం అంతకు ముందు ఏ పెద్దమనిషి తెలుగులోనూ రాలేదు. వీరేశలింగం ప్రహసనాల నాటికి నవ్వించడానికి పనికొచ్చిన నోరు ఇక్కడ తీర్పు చెబుతోంది. కాళీపట్నం రామారావు యజ్ఞంలో కూడా అప్పల్రాముడి మాటలు అంతే బరువుగా ఉంటాయి. తెలంగాణలో ఈ దారి ఇంకా మెలికలు తిరిగింది. నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూ. సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టి తెలుగు రాతకు చోటు చేసినప్పుడు, అక్కడి కథకుడికి ఆంధ్ర జిల్లాల రచయితకు లేని ఒక మాటల మూట ఉంది: పట్వారీ, గిర్దావరు, దేశ్‌ముఖు, వెట్టి. ఆంధ్ర కథలో కరణం, మునసబు అంటే చాలు బ్రిటిషు రెవిన్యూ గ్రామం కళ్ల ముందుకొస్తుంది. పట్వారీ అంటే చాలు నిజాం గ్రామం వస్తుంది. అది ఏ ప్రభుత్వం కింది ఊరో విడిగా చెప్పనక్కర్లేదు. పి.వి. నరసింహారావు 1949లో విజయ అనే మారుపేరుతో రాసిన గొల్ల రామవ్వలో ముసలామె నోట తెలంగాణ పలికింది. కథ చెప్పే గొంతు మాత్రం పుస్తకాల తెలుగులోనే ఉంది. రావిశాస్త్రి దగ్గరా, కాళీపట్నం దగ్గరా, చిత్తూరు జిల్లా పల్లెల్ని రాసిన మధురాంతకం రాజారాం దగ్గరా కూడా ఏర్పాటు ఇంచుమించు ఇదే. పాత్రలు ఊళ్లో ఉంటారు, కథకుడు పట్నంలో ఉంటాడు.

ఈ ఏర్పాటు వల్ల వచ్చిన నష్టం చిన్న మాటల్లో బాగా తెలుస్తుంది. కోస్తా జిల్లాల్లో ఒక మనిషి "పోయాడు" అంటే చాలామందికి చచ్చిపోయాడని స్ఫురిస్తుంది, అందుకే వెళ్లాడు అంటారు. తెలంగాణలో "పోయిండు", సీమలో "పోయినాడు" అంటే మామూలుగా ఎక్కడికో వెళ్లడమే. పాత్ర "మా అయ్య సంతకు పోయిండు" అని, కింద కథకుడు "తండ్రి సంతకు వెళ్లాడు" అని రాస్తే, ఆ ఇంటి మనిషి మాటను పక్కనే ఉండి ఎవరో దిద్దుతున్నట్టు ఉంటుంది. తిండి మాటలు చూడండి. సీమలో రాగులు, ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు, అన్నీ ఒకే గింజ. చోడి అంబలి తాగాడు అంటే ఏ నదుల మధ్య ఉన్నామో తెలుస్తుంది, సంగటి తిన్నాడు అంటే ఏ ఎండలో ఉన్నామో తెలుస్తుంది. కథనం వీటన్నిటినీ రాగులుగా సర్దేస్తే గింజ మిగులుతుంది, పొలం పోతుంది. బంధుత్వాలు మరీ సున్నితం. మామ్మ అంటే ఒక ఇల్లు, నాయనమ్మ అంటే ఒక ఇల్లు, జేజి అంటే ఇంకొక ఇల్లు. ఈ మూడింటిలో ఏది వాడినా ఊరే కాదు కులం కూడా చెప్పినట్టే. ఇక్కడ తటస్థమైన మాట అంటూ లేదు. తటస్థంగా ఉందనిపించేది మనకు బాగా అలవాటైన ఇంటి మాట మాత్రమే.

నిఘంటువులు కూడా ఇదే కథ చెబుతాయి. రామయ్య పంతులు సంపాదకత్వాన మొదలై, పిఠాపురం రాజా పోషణలో 1936లో మొదటి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్యాల్లో ప్రయోగం ఉన్న మాటకే ఆసనం వేసింది. దుక్కి దున్నేవాడి మాటకు కావ్యప్రయోగం ఎక్కడుంటుంది? 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం తెచ్చింది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. పండితుల గ్రంథాలు వదిలి రైతులనూ సాలెవాళ్లనూ అడిగి రాసుకున్న మాటలవి. కోస్తాలో నాగలి, చిత్తూరు అనంతపురం వైపు మడక, ఇలా ఒక్కో పనిముట్టుకు ఏ ప్రాంతంలో ఏ పేరో ఆ కోశంలో ఉంది. ఈ పుస్తకం కథకుల చేతుల్లో ఎక్కువగా పడలేదన్నది నా ఫిర్యాదు. పొరుగున తమిళంలో కి. రాజనారాయణన్, ఇంట్లో తెలుగు మాట్లాడే కోవిల్‌పట్టి వైపు మనిషి, తన కరిసల్ (నల్లరేగడి) నేల మాటలకు తానే నిఘంటువు కట్టాడు. తెలుగు నోటి మనిషి తమిళానికి చేసిన సేవ మన కథకులు తమ జిల్లాకు చేసుకుని ఉంటే ఎంత బాగుండేది!

ఉటంకింపు గుర్తుల గోడ కూలింది ఒక ఊహించని చోట, "నేను" దగ్గర. కథ చెప్పేది ఊళ్లోని మనిషే అయినప్పుడు కథనమంతా అతని మాటే అవుతుంది, కథకుడూ పాత్రా ఒకరే గనక దిద్దడానికి ఎవరూ మిగలరు. పాకాల యశోదారెడ్డి పాలమూరు మాటతో 1973లో మావూరి ముచ్చట్లు తెచ్చింది. 1980లలో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు జిల్లా మాటతో పచ్చ నాకు సాక్షిగా, సినబ్బ కతలు రాశాడు. మహమ్మద్ ఖదీర్‌బాబు దర్గామిట్ట కతల్లో కావలి తెలుగును ముస్లిం ఇంటి మాటలతో కలిపి చెప్పాడు. స.వెం. రమేశ్ ప్రళయకావేరి కథల్లో పులికాట్ చుట్టుపక్కల పల్లెల మాట పట్టుకున్నాడు. రెండు పేర్లలో కథలు పోయి కతలు రావడం గమనించాలి, పేరులోనే ఒత్తు తీసేశారు. ఇంకొకటి కూడా గమనించాలి. వీటిలో చెప్పేది ఎక్కువగా ఆడుతూ పాడుతూ పెరిగిన చిన్ననాటి గొంతు. చిన్నతనానికి యాస చెల్లుతుంది, ముద్దొస్తుంది. పెద్దమనిషి ఆలోచనకు మాత్రం పత్రికల తెలుగు కావాలన్న పాత ఒప్పందం ఇంకా లోపల పనిచేస్తూనే ఉందేమోనని నా అనుమానం. సంస్కృత నాటకంలో ప్రాకృతానికి ఇచ్చిన చోటుకూ ఈ చోటుకూ మరీ దూరం లేదు. ఆ రచయితల ప్రతిభను ఈ మాట తగ్గించదు. నామిని వాక్యంలో దరిద్రం నవ్వుతూ వచ్చి కూర్చుంటుంది, చదివినవాడికి ఆ నవ్వు వెనకాలది తరవాత తగులుతుంది. కానీ తలుపు తెరుచుకున్నది ఏ వైపు నుంచో చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో పెద్దది అర్థం కాదన్నది. చిత్తూరు మాట శ్రీకాకుళం వాడికెలా తెలుస్తుంది? వినడానికి న్యాయంగానే ఉంది. కానీ నామిని కతలు చదివి నవ్వినవాళ్లూ ఏడ్చినవాళ్లూ ఒక్క చిత్తూరు జిల్లావాళ్లే కారు, రాష్ట్రమంతటా చదివే వారపత్రిక పాఠకులు. వ్యాఖ్యానం లేకుండా ముందుకు సాగని కావ్యాలను శతాబ్దాల పాటు ఇష్టంగా చదువుకున్న జాతికి ఒక మడకా ఒక తైదా అడ్డమవుతాయంటే నమ్మలేను. తెలియని మాట కథలో పదోసారి కనపడేసరికి దానంతటదే అర్థమైపోతుంది. రెండో అభ్యంతరం ఇంతకన్నా పదునైనది: యాస అనేది వేషమైపోతోంది, క్రియల చివర్లు మారిస్తే చాలు తెలంగాణ కథ, సీమ కథ అయిపోతున్నాయని. దీనితో నేను చాలావరకు ఏకీభవిస్తాను. వాక్యం వార్తాపత్రికదే, "వచ్చాడు" తీసి "వచ్చిండు" పెట్టారంతే, ఇలాంటివి బోలెడు వస్తున్నాయి. సినిమా చాలాకాలం తెలంగాణ మాటను హాస్యగాడికీ రౌడీకీ పంచిపెట్టి చేసిన అపచారం కూడా ఈ కోవలోదే. అయితే వేషం ఉందని మనిషే లేడనకూడదు. మాట ఎంచుకోవడమంటే క్రియ చివర మార్చడం కాదు. ఆ మనిషి ఏది ముందు చెబుతాడు, ఏది దాస్తాడు, ఏ సామెతతో మాట ముగిస్తాడు అన్నది అసలు యాస. ముత్యాలమ్మ మాటలోని ఒత్తులన్నీ దిద్ది రాసినా ఆమె ఆలోచన విశాఖ కోర్టు అరుగుదే. ఇక ప్రమాణభాష లేకపోతే తెలుగు ముక్కలైపోతుందన్న భయం. వార్తకు, చట్టానికి, వైద్యానికి ఒక ఉమ్మడి తెలుగు కావాలి, అది ఉండనే ఉంది. కథ పని వేరు. కథ ఒక మనిషి గురించి చెబుతుంది గనక ఆ మనిషి తెలుగే దానికి ప్రమాణం.

ఇంకా తెరుచుకోవలసింది మూడో మనిషి గొంతు. "నేను" లేకుండా, చిన్నతనం చాటు లేకుండా, పెద్దల గురించి పెద్దల కోసం ఊరి మాటలో చెప్పే కథనం. దళిత స్త్రీల కథల్లో ఇది గట్టిగా మొదలైంది. గోగు శ్యామల తాండూరు వైపు మాదిగ వాడల కథల్లో కథ చెప్పే గొంతు కూడా ఆ వాడదే, పట్నం నుంచి వచ్చి చూసి వెళ్లే మనిషిది కాదు. జాజుల గౌరి మన్నుబువ్వదీ ఆ దారే. ఉన్నత విద్యలో వాడుక తెలుగు రాతకు విశ్వవిద్యాలయాలు ఒప్పుకునేసరికి గురజాడ పోయి అర్ధశతాబ్దం దాటింది. ఈ గొంతులకు చోటిచ్చేటప్పుడైనా అంత జాగు వద్దు. పత్రికల్లో కథలు దిద్దే సంపాదకులకు నా విన్నపం ఒక్కటే. మీ బల్ల మీదికి వచ్చిన కథలో తైదలు అని ఉంటే రాగులు అని మార్చకండి, జేజిని నాయనమ్మ చెయ్యకండి. పాఠకుడికి అర్థం కాదని మరీ బెంగగా ఉంటే పుట అడుగున ఒక గమనిక వేయండి, కథలో మాటను మాత్రం రాసినవాళ్లకే వదిలేయండి.